ఎడమ పక్క వెనక చక్రం

పోయిన వారం కథల సుకన్యను లాలాగూడ గేటు కాడ ఎండల నిలబెట్టి మన పనులకు మనం పోయినం. పాపం, అప్పటి సంది ఆమె ఆడనే నిలబడి ఉంది. మౌలాలిల ఉన్న చెల్లె ఇంటికని ఆటో ఎక్కిన మనిషి, ఎదురుంగ వస్తున్న బూడిదరంగు కారు తమ మెకానిక్ షెడ్డు సందుల మళ్ళుడు చూసి ఆటో ఆపించింది. "ఏందక్కా, ఏమన్న మర్చిపోయినవా?" అని డ్రైవర్ అడిగితే, "అవు, మర్చిపోయిన" అన్నది. ఏం మర్చిపోయిందో అతనికి చెప్పలే. మొగణ్ణి ఒక్కణ్ణి ఇడిసిపెట్టి ఊరేగొద్దన్న సంగతి మర్చిపోయింది.

ఆ కారు ప్రిసిల్లాది. ప్రిసిల్లా ఎవరంటే, సుకన్య మొగడు హరికిషన్‌కు బండ్ల పని నేర్పిన ఉస్తాద్ జెరెమియా బిడ్డ. ఉస్తాద్ కాలం చేసి చానా ఏండ్లయింది. బిడ్డ కాప్రాల ఉంటది, కండ్ల దవాఖానల నర్సు. పెండ్లయింది గని మొగడు జల్దినే పోయిండు. షెడ్డుకు ఎన్ని బండ్లొచ్చినా హరికిషన్ ఈ మధ్య తన పనోడు హుజైఫా చేతుల పెట్టి, తను పక్కన నిలబడి చెప్తడు. ఆ బూడిదరంగు బండి వస్తే మాత్రం తనే అంగీ చేతులు మడుస్తడు. పోయిన ఆదివారమైతే షెడ్డు మూసి ఉన్నా సుత, పానల సంచి సంకల పెట్టుకొని కాప్రా పోయి, ఆమె ఇంటి ముందట కూసొని బండికి వెనక బ్రేకులు మార్చి వచ్చిండు. ఇంటికొచ్చి, "మౌలాలిల గిరాకీ ఉండె" అన్నడు. మౌలాలిల సుకన్య చెల్లె ఉంటదని, ఆ గల్లీలల్ల చీమ తుమ్మినా సుకన్యకు ఎర్కైతదని ఆయనకు యాదికి రాలే. చెల్లె ఆయన ఆ దిక్కే రాలేదన్నది, షెడ్డుల ఆ కారు వెనక ప్యాడ్లు తగ్గినయి, ఇగ సుకన్య లెక్క కలుపుకుంది. అబద్ధం ఆడేటోనికి ముందుగాల యాది గట్టిగ ఉండాలె.

ఎండల నడుచుకుంట వస్తుంటె సుకన్యకు నెత్తి మీద ఒక కుంపటి, కడుపుల ఒక కుంపటి. సవతంటే మట్టిబొమ్మను సుత ఓర్వరని పెద్దలు ఊకె అనలే. మట్టిబొమ్మనైతే ఎత్తి గోడకేసి కొట్టొచ్చు. ఇది కారేసుకొని తిరిగే బొమ్మ, నొప్పి తెల్వకుంట సూదేసే బొమ్మ, మాట్లాడితే మెత్తగ మాట్లాడే బొమ్మ. దీన్ని ఎట్ల కొట్టాలె?

ఇంకోటి సుత మెసులుతుంది ఆమె మనసుల. కొన్ని నెలల సంది హరికిషన్ ఆమె ముఖం దిక్కు చూసి మాట్లాడుత లేడు. అన్నం పెడితే గిలాస దిక్కు చూస్తడు. ఏమన్న అడిగితే ఆమె చెవి దిక్కో, వెనక గోడ దిక్కో చూసుకుంట జవాబిస్తడు. తప్పు చేసినోడు పెండ్లం కండ్లల్ల కండ్లు పెట్టలేడని ఆమెకు ఆమెనే సమజ్ చేసుకుంది. ఒకసారి అట్ల సమజైనంక ఇగ ఆయన నిలబడ్డా తప్పే, కూసున్నా తప్పే.

షెడ్డు కాడికొచ్చేసరికి గేటు గొలుసు తీసి ఉంది. శుక్రారం పగటీలి, హుజైఫా నమాజుకు పోయిండు. హరికిషన్ సామాన్లకని రాణిగంజ్ పోతున్న అని పొద్దుగాలనే చెప్పి పోయిండు. అంటే గొలుసు తీసింది ప్రిసిల్లానే. ఆ గొలుసు మొండిది, ఎడమ దిక్కు తిప్పి కిందికి గుంజితే తప్ప ఊడదు. పెండ్లయి వచ్చిన కొత్తల సుకన్యకు అది నేర్చుకునేసరికి గోర్లు అరిగినయి. ఈమెకు ఎవలు నేర్పిండ్రో.

లోపట గేటు దిక్కు, గిరాకీలు కూసునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంటది. దాంట్ల ప్రిసిల్లా కూసొని ఉంది. సుకన్యను చూసి లేసి నిలబడ్డది.

"వదినా, నువ్వు చెల్లె ఇంటికి పోయినవన్నరు?"

"ఎవలన్నరు?"

ప్రిసిల్లా తల తిప్పి బండి దిక్కు చూసింది. ఆ చూపే సుకన్యకు సగం జవాబైంది.

"కూసోండి మేడం. గిరాకీని నిలబెట్టుడు మా షెడ్డుల పద్ధతి కాదు. ఏమైంది బండికి?"

"మేడం ఏంది వదినా, కొత్తగ."

"ఏమైందో చెప్పుండ్రి."

"వెనక ఎడమ దిక్కు సప్పుడు చేస్తుంది. బ్రేకు తొక్కితే ఇనుము గీరినట్టు. హుజైఫా వచ్చినంక చూస్తడు తియ్, నాకేం తొందర లేదు."

"ఆదివారమే గద మార్చింది."

ప్రిసిల్లా తల ఎత్తి చూసింది. "తెల్సా నీకు?"

"నా మొగడు ఆదివారం నాడు ఎవలి చక్రం ముందట కూసున్నడో నాకు తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తది? మీరేం పరేషాన్ గాకుండ్రి. నేనే విప్పుత."

"వద్దు వదినా."

"ఎందుకు వద్దు?"

"ఊకెనే. హుజైఫాను రానియ్."

వద్దన్న కొద్దీ సుకన్యకు ఆ చక్రం విప్పాలనే పట్టుదల పెరిగింది. అసలు ముచ్చటేందంటే, ఆ బండి మీద మల్లా హరికిషన్ చెయ్యి పడొద్దు. ఆయన వచ్చేసరికి పని అయిపోవాలె, కారు సందు దాటాలె. రోజు షెడ్డుల కూసొని కూసొని సుకన్యకు పని వచ్చు. ఆయిలు మారుస్తది, ముందు చక్రాల బ్రేకులు మారుస్తది. వెనకటివి మాత్రం ఆయన ఎన్నడు ముట్టనీయలే. "అవి వేరే తీరు ఉంటయి, నేను చూసుకుంట తియ్" అనేటోడు. అందుకే ఆమె దాపున నిలబడి చూసింది, చెయ్యి పెట్టి చెయ్యలే. ఇప్పుడు ఆ మాట సుత ఆమెకు ఇంకో తీరు వినబడ్డది. ముందటివి పెండ్లానికి, వెనకటివి ఇంకెవలికో.

గోడకున్న షెడ్డు నీలం అంగీ తీసి చీర మీదికెళ్ళి తొడుక్కుంది. కారును ఆనుకొని గోడ దిక్కుకు, అంటే గేటుకు కనబడని అటు పక్కకు పోయింది. ఎడమ చక్రం ఆ దిక్కే ఉంది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టింది. డోరు తీసి హ్యాండ్ బ్రేకు కిందికి దించింది. వెనక బ్రేకుకు అది కట్టి ఉంటది, దించకపోతే నువ్వెంత గుంజినా రాదు. డోరు తీస్తే లోపట కొబ్బరినూనె వాసన, అగరొత్తుల వాసన కలిసి వచ్చినయి. ఆయన ఆదివారం ఈ వాసనలల్లనే కూసున్నడా అనుకుంది. డోరు జెర గట్టిగనే మూసింది.

నట్లు వదులు చేసి, జాకీ పెట్టి లేపి, చక్రం ఊడదీసి పక్కకు దొర్లించింది. ప్రిసిల్లా కుర్చీల ఆగలేక వెనకనే వచ్చి నిలబడ్డది.

బ్రేకు అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. చక్రంతోని పాటు ఒక ఇనుప పళ్ళెం తిరుగుతుంటది. దానికి ఆ దిక్కొకటి ఈ దిక్కొకటి రెండు ప్యాడ్లు. తిరిగే చపాతిని రెండు అరచేతుల నడుమ పట్టి ఆపినట్టు, బ్రేకు తొక్కితే అవి పళ్ళాన్ని నొక్కి పట్టుకుంటయి. ఒక్కో ప్యాడుకు ఒక దిక్కు గట్టి నల్లటి ముద్ద, ఇంకో దిక్కు ఇనుప రేకు. ముద్ద పళ్ళెం దిక్కుండాలె, రేకు బయటికుండాలె. చెప్పు తొడుక్కుంటె అట్ట కిందికి ఉండాలె అన్నంత తేటగ ఉంటది అది.

సుకన్య ప్యాడ్లను కరిచి పట్టుకునే పట్టీ విప్పి, కింద పడకుంట తీగెతోని కట్టి, బయటి ప్యాడు గుంజింది. బాగనే ఉంది, కొత్తది కొత్తగనే ఉంది. లోపటిది గుంజింది. చేతుల పట్టుకొని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

లోపటి ప్యాడు తిరగేసి బిగించి ఉంది. ఇనుప రేకు పళ్ళానికి ఆనింది, ముద్ద బయటికి మళ్ళింది. ఆదివారం నించి ఇనుము ఇనుమును రాసుకొని, పళ్ళెం లోపటి దిక్కు నాగలి పెట్టి దున్నినట్టు సాళ్ళు పడ్డయి.

జెరెమియా షెడ్డుల ఒక పద్ధతి ఉండె. ఎవలు బిగిస్తే వాళ్ళు, బిగించే ముందు ప్యాడు ఇనుప వీపు మీద మేకుతోని తమ గుర్తు గీకాలె. "దీని మీద మంది ప్రాణం ఉంటది. చేసిన చెయ్యి ఎవలదో దాచొద్దు" అనేటోడు ఉస్తాద్. ఆయన చేతికింద నేర్చినోళ్ళు యాడున్నా ఇప్పటికీ అదే చేస్తరు. హుజైఫా గుర్తు నెలవంక. హరికిషన్‌ది రెండు అడ్డగీతలు, మీద ఒక చుక్క. ఈ ప్యాడు వీపే పళ్ళానికి రాసుకున్నది కాబట్టి గుర్తు చానా అరిగిపోయింది. ఒక గీత తోక, ఒక చుక్క మిగిలినయి. బయటి ప్యాడు మీద హరికిషన్ గుర్తు తేటగ ఉన్నా, ఈ ఒక్కటన్న హుజైఫాది అయితే బాగుండునని సుకన్య చీర కొంగుతోని తుడిచి తుడిచి చూసింది. నెలవంకకు చుక్క ఉండదు.

పని నేర్చుకునేటోడు మొదటి రోజు చేసి, చెంపదెబ్బ తిని, మల్లా బతుకుల చెయ్యని తప్పు ఇది. హరికిషన్ చేసిండు. హరికిషన్ పని చేస్తే బ్రేకు మీద కన్ను మూసుకొని కాలు పెట్టొచ్చని సికింద్రాబాద్ అంత అంటది.

సుకన్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తే మీకు సుత భయమైతుండె.

"మేడం, ఒక ముచ్చట అడుగుత. ఆదివారం మా ఆయన బ్రేకులు మారుస్తుంటె మీరు యాడున్నరు?"

"ఆడనే ఉన్న. ఛాయ్ తెచ్చిచ్చిన."

"ఛాయ్ తెచ్చిచ్చి ఎదురుంగ కూసున్నరు."

"కూసున్న."

"ఏం చీర కట్టిండ్రు?"

"వదినా, ఏం మాటలివి?"

"తప్పుగ అనుకోకుండ్రి, తెలుసుకుంటున్న. నేను పక్కన కూసుంటె ఆయన ఇన్నేండ్లల్ల ఒక్క నట్టు సుత వంకర బిగించలే. మీరు కూసుంటె ప్యాడే తిరగేసిండు. అంటే కండ్లు చేతుల మీద లేవు. నా ముందట ఆయన మతి ఎన్నడు అంతగనం పోలే. ఎట్ల చేస్తరో జెర నాకు సుత నేర్పుండ్రి, పుణ్యముంటది."

ప్రిసిల్లా ముఖం తెల్లబడ్డది. ఆ ప్యాడు కోసం చెయ్యి చాపింది. సుకన్య ఇయ్యలే, ఎనకకు గుంజుకుంది.

"హరి అట్లాంటోడు కాదు వదినా."

"ఇగో, ఇదే. హరి. మా అత్త సుత ఆయనను పేరు తుంచి పిలుస్తదో లేదో, నువ్వు పిలుస్తవు." కోపంల మీరు పోయి నువ్వొచ్చింది. "అన్న అని ఒక్కనాడు నీ నోట్ల రాలే. నన్ను మాత్రం వదినా, వదినా అంటవు. అన్న లేకుండ వదినెట్ల వచ్చింది నీకు? నడుమ ఆయన నీకేమైతడు?"

రైల్వే వర్క్‌షాప్ దిక్కు నించి ఇనుము కొట్టే సప్పుడు వచ్చి ఆగింది. ప్రిసిల్లా జెరసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పేటోళ్ళు అంతసేపు ఆలోచించరు.

"చిన్నప్పుడు మా ఇంట్లనే తిన్నడు, మా వరండాలనే పండుకున్నడు. ఆయన అడిగి ఉంటె నేను కాదనకపోతుంటి. ఆయన అడగలే. నిన్ను చేసుకున్నడు. నా పెండ్లికి మా నాన్నతోని కలిసి ఫంక్షన్ హాల్ల కుర్చీలు ఏసిండు. అన్న అని పిలువనీకె నాకు నోరు తిరగలే, అంతే. ఇగ ఏమన్న అనుకో."

ఈ జవాబు సుకన్య అనుకోలే. లేదు, ఏం లేదు, ఒట్టు అంటదనుకుంది. ఒట్టేస్తే కొట్లాడొచ్చు. ఉన్నదున్నట్టు చెప్తే ఏం కొట్లాడుతవు? కాని లోపట మంట తగ్గలే, ఇంకింత ఎగిసింది. ఆయన అడిగి ఉంటె అన్న ఆ ఒక్క మాట ముల్లు తీరు దిగి ఆడనే ఇరిగిపోయింది.

"అయితే ఇప్పుడు అడుగుతుండా?"

"ఇప్పుడు ఆయన అడిగేటిది నన్ను కాదు, డాక్టర్‌ను."

"ఏం డాక్టర్?"

ప్రిసిల్లా గేటు దిక్కు ఒకసారి చూసింది. తర్వాత కిందికి కూసొని, సుకన్య ముఖం ముందటికి ముఖం తెచ్చి చెప్పింది. "మాటిచ్చిన, చెప్పనని. నువ్వు గిట్ల అనుకుంట ఆయనను చంపుకుంట కూసుంటె ఆ మాట నిలబెట్టి ఏం లాభం? ఆయనకు మతి పోలే వదినా. చూపు పోతుంది."

సుకన్య చేతిల ప్యాడు అట్లనే ఉంది.

"సుగర్ ఉంది గద. అది కండ్లకు ఎక్కింది. వానాకాలంల మా దవాఖానకు వచ్చి లైన్ల కూసున్నడు, నేను చూసిన. నడుమల మసక. దేన్ని సీదాగ చూస్తే అది కనబడదు, దాని పక్కనున్నది కనబడ్తది. కంట్ల సూదులు వేస్తుండ్రు. పేపరు చదవాలంటె పక్కకు చూడాలె. నట్టు చూడాలంటె పక్కకు చూడాలె. మనిషి ముఖం చూడాలంటె చెవి దిక్కు చూడాలె."

చెవి దిక్కు.

సుకన్యకు వానాకాలం సంది గడిచిన రోజులు ఒక్కసారి వెనకకు తిరిగి వచ్చినయి. దసరాకు ఆయుధ పూజ నాడు ఆయన జాకీకి బొట్టు పెట్టబోయి నేలకు పెట్టిండు. "ఎవతెను తల్సుకుంట పెడ్తున్నవ్?" అని హుజైఫా ముందటనే అన్నది. ఆయన నవ్విండు. చీకటి పడితే మోటార్‌సైకిల్ నువ్వే నడుపు అంటుండె, నన్ను డ్రైవర్ చేసిండని తిట్టింది. పండ్ల బండి కాడ వాడిపోయినయి ఏరుకొచ్చిండు, పట్టింపు లేదని తిట్టింది. ముఖం చూడట్లేదని ఏడ్చింది. చూడనీకే పక్కకు చూసిండా?

ఇంకొక ఆడిదైతే ఇక్కడ బోరున ఏడ్చేటిది. సుకన్యకు ఏడుపు రాలే. లోపట మంట ఉన్నప్పుడు నీళ్ళు ఊరవు.

"వానాకాలం సంది నీకు ఎర్క," అన్నది.

"ఎర్క."

"బోనాలు పోయినయి, దసరా పోయింది. నేను వండిపెట్టిన, బట్టలు పిండిన, పక్కన పండుకున్న. నాకు ఎర్క లేదు. నీకు ఎర్క."

"నేను దవాఖానల ఉన్న కాబట్టి ఎర్కైంది వదినా. ఆయనగా ఆయన నాకు సుత చెప్పకపోతుండె."

"ఆదివారం బ్రేకులు?"

"నేనొద్దన్న. సూదులకు నన్ను నీ వెంట తిప్పుతున్నవు, ఉత్తగ తీసుకోను, నీ బండన్న చేస్త అన్నడు. నీ బండి అయితే తప్పు పోయినా నువ్వు ఎవలికి చెప్పవు అన్నడు. చేతులకు యాదుంటది గద అన్నడు. చేతులకు యాదున్నది, బిగించిండు. గని ఏ దిక్కో చేతులకు తెల్వలే. తప్పు పోయిందని ఆయనకు తెలిస్తే మల్లా పాన పట్టడు. అందుకే ఆయన లేనప్పుడు వచ్చిన. హుజైఫా తోని గప్‌చుప్‌గ సరిజేపిద్దామని."

"రాణిగంజ్ నించి ఎప్పుడొస్తడో నీకెట్ల తెల్సు?"

"రాణిగంజ్ కాదు. ఇయ్యాల దవాఖానల ఉన్నడు. కండ్లల్ల చుక్కలేసి పరీక్ష చేస్తరు. మాపటి దాక పడ్తది."

సుకన్య తల ఊపింది. "మంచిగుంది. ఆయన రోగం నీకు చెప్పిండు. ఆయన తప్పు దాసిపెట్టే పని సుత నీకే వచ్చింది. ఆయన యాడున్నడో సుత నిన్నే అడగాలె. నాకేం మిగిల్చినవు తల్లీ? కొట్లాట ఒక్కటేనా?"

ప్రిసిల్లా కింద పడి ఉన్న నట్లను ఏరి ఒక్క కాడ పెట్టింది. 

పని పాడుగాను, పని మాత్రం ఆగొద్దు. షెడ్డుల ఉన్నోళ్ళకు అదొక జబ్బు. సుకన్య కొత్త ప్యాడ్లు తీసింది. వాటిని ఎక్కించాలంటె ముందు ప్యాడును నెట్టుకుంట బయటికొచ్చి ఉన్న పిస్టన్‌ను ఎనకకు పంపాలె. ముందు చక్రాలకు చేసినట్టే పట్టుకర్ర పెట్టి నొక్కింది. కదలలే. పండ్లు కొరికి, మొత్తం కోపం భుజాలకు తెచ్చుకొని నొక్కింది. కదలలే.

"నొక్కకు వదినా, ఖరాబైతది," అన్నది ప్రిసిల్లా మెల్లగ. "వెనకటిది నొక్కితే పోదు. మర లెక్క తిప్పుకుంట పంపాలె. నాన్న మాకు ఇద్దరికి ఒక్కనాడే నేర్పిండు."

మాకు ఇద్దరికి. సుకన్య లేసి నిలబడ్డది.  నీలం అంగీ విప్పి ప్రిసిల్లా చేతుల పెట్టింది. "తొడుక్కో, బట్టలకు మసి అంటుతది. నీకొచ్చిన విద్య నువ్వే చెయ్." తిట్టుకుంటనే ఇచ్చింది, గని అంగీ మాత్రం దులిపి ఇచ్చింది.

కారు చుట్టు తిరిగి ఇటు దిక్కు వచ్చి, గేటు కాడి ఎర్ర కుర్చీల కూలబడ్డది. గిరాకీలు కూసునే కుర్చీల సుకన్య ఎన్నడు కూసోలే. అవతల గోడ దిక్కున ప్రిసిల్లా కారు చాటుకు కూసొని పిస్టన్ తిప్పుతున్న కిర్రుకిర్రు సప్పుడు వస్తుంది. ఇక్కడి నించి ఆమె నెత్తి సుత కనబడ్త లేదు.

ఆ సప్పుడుల ఆటో ఆగిన సప్పుడు కలిసిపోయింది.

గేటు మీద నీడ పడ్డది. చూస్తే హరికిషన్. కండ్లకు దవాఖానల ఇచ్చిన నల్ల అట్ట అద్దాలు. ఒక చెయ్యి గేటు మీద, ఇంకో చెయ్యి గాలిల. మాపటికి రావాల్సిన మనిషి పగటీలికే వచ్చిండు. బయట కండ్లు మిటకరించే ఎండ, లోపట చీకటి, కండ్లల్ల చుక్కలు. గడప కాడ ఆగి, కారు బ్యానెట్ మీద చెయ్యి పెట్టి నిమిరిండు. ముందట పడ్డ పాత సొట్ట తగిలింది కావచ్చు, చేతికి బండి గుర్తయింది. కుర్చీల ఒక ఆడమనిషి కూసొని ఉన్నదన్నంత మట్టుకు ఆనవాలు పట్టిండు.

"ప్రిసిల్లా, వచ్చినవా?" అన్నడు.

సుకన్య నోట్లకు మాట వచ్చింది. నేను ప్రిసిల్లాను కాదు అన్న మాట. దాన్ని మింగేసింది. ఇన్ని నెలల సంది ఆయన ఫోన్ల ఎవలితోని ఏం మాట్లాడుతుండో అని తలుపు సందులకు చెవి పెట్టింది. ఇప్పుడు తలుపు దానంతట అదే తెర్సుకుంది.

పోతున్న ఆటో మోతల ఆయనకు వినబడని కిర్రుకిర్రు సప్పుడు, ఆయన గొంతు వినంగనే ఆగిపోయింది. కారు అవతల ప్రిసిల్లా లేసి నిలబడ్డది, నోరు తెర్సింది. సుకన్య ఆమె దిక్కు చూసి చెయ్యి ఎత్తింది, ఆగు అన్నట్టు. ప్రిసిల్లా ఆగింది.

"సప్పుడు చేస్తుందా బండి? నేననుకున్న," అన్నడు హరికిషన్. తడుముకుంట వచ్చి పాత టైర్ల మీద కూసున్నడు. "ఇయ్యాల జల్ది పంపిండ్రు. వచ్చేసారి ఇంటామెను తోల్కరమ్మన్నడు డాక్టర్. ఆమెకు అంత సమజ్ చేసి చెప్పాల్నంట. నేను తోల్కరాను అన్న."

ఆ గొంతు సుకన్య ఇంట్ల ఎన్నడు వినలే. అలిసిపోయిన గొంతు, మెత్తటి గొంతు, ఏం దాచుకోని గొంతు. తనతోని మాట్లాడేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడు నిటారుగ నిలబడి ఉంటది. ఈ గొంతు ఇంకొకామెకు ఇచ్చిండు. చూపు సంగతి కన్న అదే ఎక్కువ కోసింది ఆమెను.

"నువ్వు మల్లా అదే అంటవు, చెప్పు చెప్పు అని. చెప్ప. సుకన్యకు మన మీద అనుమానముంది, నాకెర్క. ఉండనీ. అనుమానముంటె కొట్లాడుతది. కొట్లాడేటప్పుడు నా ఎదురుంగ వచ్చి నిలబడి కొట్లాడుతది. మసకల సుత తెలుస్తది ఎదురుంగ ఉన్నదని. జాలి పుట్టిందనుకో, పక్కకొచ్చి చెయ్యి పట్టి నడిపిస్తది. నాకు ఆమె ఎదురుంగనే కావాలె ప్రిసిల్లా. పక్కకొద్దు."

ఒక ఆడిది బతుకుల తన మొగని నోటి నించి వినాలని ఎదురుచూసే మాట అట్లాంటిది. సుకన్య విన్నది. గని తనకు చెప్పంగ వినలే, ఇంకొకామెకు చెప్పంగ విన్నది. తన గురించిన అంత మంచి మాటను తనే దొంగతనం చేసి తెచ్చుకోవాల్సి వచ్చింది. ప్రిసిల్లా దిక్కు చూసింది. ఆమె నీలం అంగీ చేతితోని కండ్లు ఒత్తుకుంటుంది. ఈ మాట ఆమెకు కొత్తది కాదని ఆ ఒత్తుకొనుడే చెప్పింది. ఎన్నిసార్లు విన్నదో ఏమో.

"ఏం మాట్లాడవు?" అన్నడు హరికిషన్. సుకన్య చెవి దిక్కు తల తిప్పి, నల్ల అద్దాల్లకెళ్ళి ఆమె ముఖం వెతుక్కున్నడు. దొరకలే.

 తర్వాత గొంతు ఇంకింత తగ్గించిండు.

"ఇంకొక ముచ్చట ఉంది. అది నీకు సుత చెప్పలే. ఎవలికీ చెప్పలే. ఇగ నా ఒక్కని తోని మొయ్యనైత లేదు. చెప్పనా?"

ప్రిసిల్లా కారు మీదికెళ్ళి తల అడ్డంగ ఊపింది. వద్దు వదినా, నువ్వెవరో చెప్పు అని ఆమె కండ్లు బతిమాలుతున్నయి. సుకన్య ఆ కండ్లల్లకు సీదాగ చూసింది. ఆమెకు సుత ఎర్క లేని ముచ్చట. వానాకాలం సంది మొదటిసారి, ఆమె కన్న ముందు తనకు ఎర్కయ్యే ముచ్చట.

నోరు తెరిస్తే గొంతు పట్టిస్తది. సుకన్య పెదవులు కలిపి పెట్టి, ఏ ఆడిదాని గొంతైనా ఒక్క తీరే ఉండేటట్టు, ఊఁ కొట్టింది.